దెబ్బకూ దెబ్బకూ మధ్య

భార్యను కొట్టిన మగవాడి విషయం పెద్దమనుషుల ముందుకు వచ్చినప్పుడు రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. "వాళ్ల నాన్నా ఇంతే, ఆ రక్తం ఎక్కడికి పోతుంది" అన్నది ఒకటి. "పాపం, వాడూ చిన్నప్పుడు నానా దెబ్బలు తిన్నాడమ్మా, నువ్వే కాస్త సర్దుకుపో" అన్నది రెండోది. మొదటి మాట ప్రకారం వాడు ఎప్పటికీ మారడు. రెండో మాట ప్రకారం వాడి తప్పేమీ లేదు. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు మాటల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: బాల్యంలో తిన్న దెబ్బ పెద్దయ్యాక కొట్టే దెబ్బగా మారి తీరుతుందని.

ఇది నిజమేనా? మనస్తత్వ శాస్త్రజ్ఞులు, నేరశాస్త్ర నిపుణులు, ప్రజారోగ్య పరిశోధకులు దశాబ్దాలుగా ఈ ప్రశ్న వెంట పడ్డారు. కొందరు వందలాది పిల్లలను వాళ్లు తల్లిదండ్రులయ్యే వయసు దాకా గమనిస్తూ వచ్చారు. వాళ్లు తేల్చినదాన్నిబట్టి పంచాయతీలో వినిపించే ఆ రెండు మాటలూ తప్పే. బాల్యహింస ప్రమాదాన్ని పెంచుతుంది, అందులో సందేహం లేదు. కానీ తిన్న దెబ్బకూ కొట్టే దెబ్బకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని దాటించే వాటిలో ముఖ్యమైనది ఒక నమ్మకం: భార్య మీద చెయ్యి చేసుకునే హక్కు తనకుందని మగవాడు అనుకోవడం. ఆ నమ్మకంతో ఎవరూ పుట్టరు. ఇల్లూ వీధీ బడీ కలిసి దాన్ని నేర్పుతాయి. నేర్పినదాన్ని మాన్పించవచ్చు కూడా.

వెనక్కి చూస్తే ఒకటి, ముందుకు చూస్తే ఒకటి

ఈ విషయం మీద మొదట్లో వచ్చిన పరిశోధనలు చాలావరకు వెనక్కి చూసినవే. జైల్లో ఉన్న నేరస్థులనో, భార్యలను హింసించి కౌన్సెలింగ్‌కు వచ్చినవాళ్లనో కూర్చోబెట్టి వాళ్ల బాల్యం గురించి అడిగేవారు. వాళ్లలో ఎక్కువమంది చిన్నప్పుడు తిన్న దెబ్బల గురించి చెప్పేవారు. దాంతో హింసే హింసను పుట్టిస్తుందన్న మాట తిరుగులేని సత్యంలా స్థిరపడిపోయింది. ఈ పద్ధతిలో పెద్ద లోపం ఒకటుంది. అలాంటి బాల్యమే గడిపినా ఎవరి మీదా చెయ్యెత్తకుండా బతుకుతున్నవాళ్లు జైల్లోనూ ఉండరు, కౌన్సెలింగ్‌కూ రారు. వాళ్లు లెక్కలోకే రాకుండా పోయారు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కేథీ స్పాట్జ్ విడమ్ ఈ లెక్కను తిరగేశారు. అమెరికాలోని ఒక మిడ్‌వెస్ట్ నగర ప్రాంతంలో 1967 నుంచి 1971 వరకు కోర్టుల్లో రుజువైన కేసులను తీసుకున్నారు. వాటిలో పదకొండేళ్లు దాటకముందే దెబ్బలకో, లైంగిక హింసకో, తీవ్రమైన నిర్లక్ష్యానికో గురైన 908 మంది పిల్లలున్నారు. అదే వయసు, అలాంటి కుటుంబ నేపథ్యమే ఉండి, అలాంటి కేసేదీ లేని మరో 667 మందిని వాళ్లతో పోల్చడానికి ఎంచుకున్నారు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, వాళ్లలో ఎంతమంది పోలీసు రికార్డుల్లోకి ఎక్కారో చూశారు. 1989లో ఆ ఫలితాలు 'సైన్స్' పత్రికలో వచ్చాయి.

హింసతో కూడిన నేరాలకు అరెస్టయినవారు, చిన్నప్పుడు హింసకో నిర్లక్ష్యానికో గురైన బృందంలో 11.2 శాతం, రెండో బృందంలో 7.9 శాతం. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. మొదటి బృందంలో ప్రమాదం సుమారు 40 శాతం ఎక్కువ. ఒక దేశంలోని పిల్లలందరికీ వర్తింపజేస్తే ఇది చిన్న తేడా కాదు. మరోవైపు, ఆ బృందంలో నూటికి దాదాపు 89 మంది అలాంటి నేరానికి అరెస్టే కాలేదు. వారసత్వంగా వచ్చి తీరే హింస అయితే ఈ అంకె ఇలా ఉండదు.

ఆ పరిశీలనలో మనవాళ్లు సులువుగా దాటేసే అంశం మరొకటుంది. దెబ్బలు తిన్న పిల్లల్లో 15.8 శాతం తర్వాత హింసాత్మక నేరాలకు అరెస్టయితే, ఎవరూ కొట్టకుండానే నిర్లక్ష్యానికి గురైన పిల్లల్లోనూ అది 12.5 శాతం ఉంది. తిండీ తిప్పలూ చూసేవాళ్లు లేక, ఏడిస్తే పలికేవాళ్లు లేక పెరగడం కూడా గాయమే. ఒంటి మీద వాత కనిపించని ఇళ్లలోనూ పిల్లలు దెబ్బతింటారు.

అరెస్టుల లెక్కలో ఇంటి నాలుగు గోడల మధ్య పడే దెబ్బలు కనిపించవు, ముఖ్యంగా భార్య మీద పడేవి. అందుకే విడమ్ బృందం అదే పిల్లలను పెద్దయ్యాక నేరుగా కలిసి, వాళ్ల దాంపత్య సంబంధాల గురించి అడిగింది. 2014లో వెలువడిన ఆ ఫలితాల్లో, బాల్యంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనవాళ్లు భాగస్వామి చేతిలో గాయపడే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువని తేలింది; భాగస్వామిని గాయపరిచే అవకాశం మాత్రం నిర్లక్ష్యానికి గురైనవాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. అంతకుముందు 2000లో శాండ్రా స్టిత్, ఆమె సహచరులు 39 పరిశోధనలను ఒకచోట చేర్చి చూసినప్పుడు కూడా బంధం ఉందనే తేలింది. అయితే అది బలహీనమైనదనో, మహా అయితే ఓ మోస్తరుదనో చెప్పాల్సి వచ్చింది. అంటే చిన్ననాటి ఇల్లు ఒక కారణమే గానీ, అదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరు.

భయం నేర్పిన చూపు

ఇంతకీ గాయం లోపల చేసే పనేమిటి? తండ్రి అడుగుల చప్పుడు వినగానే గుండె దడదడలాడే పిల్లవాడి శరీరంలో ఒత్తిడి హార్మోన్లు మళ్లీ మళ్లీ ఎగసిపడుతుంటాయి. అప్పుడప్పుడూ వచ్చే భయమైతే శరీరం కోలుకుంటుంది. రోజూ వస్తే మాత్రం మెదడు ఆ ఇంటికి తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది. ప్రమాదాన్ని అందరికంటే ముందు పసిగట్టడమే దాని పనవుతుంది.

అమెరికన్ పరిశోధకుడు సేత్ పొలాక్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో ఇది తేటగా కనిపిస్తుంది. మసకగా మొదలై మెల్లమెల్లగా స్పష్టమయ్యే ముఖాల ఫొటోలను పిల్లలకు చూపించారు. దెబ్బలు తిని పెరిగిన పిల్లలు కోపపు ముఖాన్ని మిగతావాళ్లకంటే ముందే, బొమ్మ ఇంకా సగం మసకగా ఉండగానే గుర్తుపట్టారు. 2011లో లండన్‌లో ఎమన్ మెక్రోరీ బృందం స్కానర్‌లో చూసినప్పుడు, ఇంట్లో హింస మధ్య పెరిగిన పిల్లలకు కోపపు ముఖం కనిపించగానే మెదడులోని అమిగ్డలా, ఇన్సులా భాగాలు ఎక్కువగా స్పందించాయి. యుద్ధంలో పాల్గొన్న సైనికుల్లో కనిపించిన స్పందన కూడా ఇలాంటిదేనని ఆ బృందం రాసింది.

ఆ పిల్లలకు ఈ చూపు ఒకప్పుడు ప్రాణం కాపాడే నైపుణ్యం. ఇల్లు మారినా, తండ్రి పోయినా ఆ చూపు మాత్రం మిగిలిపోతుంది. కెన్నెత్ డాడ్జ్, ఆయన సహచరులు 309 మంది నాలుగేళ్ల పిల్లలను పరిశీలించి 1990లో ప్రచురించిన పరిశోధన ఇందులో కీలకమైనది. ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడి ఆట పాడుచేసినట్టో, తగిలి పడేసినట్టో చిన్న చిన్న సన్నివేశాలు చూపి, "వీడు కావాలని చేశాడా, పొరపాటునా?" అన్నట్టు అడిగారు. ఇంట్లో తీవ్రమైన దెబ్బలు తిన్న పిల్లలు అసలు జరిగిందేమిటో సరిగా గమనించలేదు. ఎదుటివాడు కావాలనే చేశాడని ఎక్కువగా అనుకున్నారు. గొడవను మాటలతో ముగించే దారులూ వాళ్లకు తక్కువగానే తోచాయి. ఆరు నెలల తర్వాత బడిలో కొట్లాటలకు దిగినవాళ్లలో వాళ్లే ఎక్కువ.

ఇరవై ఏళ్లు గడిచాక ఇదే చూపు కాపురంలో ఎలా పని చేస్తుందో ఊహించడం కష్టమేమీ కాదు. కూరలో ఉప్పు తగ్గడం కావాలని చేసిన అవమానంలా తోస్తుంది. ఫోన్ ఎత్తకపోతే ఏదో దాస్తోందనిపిస్తుంది. భార్య మౌనంగా ఉంటే ధిక్కరించినట్టు ఉంటుంది. మిరియమ్ ఎరెన్‌సాఫ్ట్ బృందం న్యూయార్క్ రాష్ట్రంలో 543 మంది పిల్లలను ఇరవై ఏళ్లపాటు గమనించి, 2003లో ఆ ఫలితాలు ప్రచురించింది. పెద్దయ్యాక భాగస్వామిపై హింసకు దిగే ప్రమాదాన్ని అన్నింటికంటే ఎక్కువగా సూచించింది, చిన్నప్పటి నుంచీ కొట్లాటలు, అబద్ధాలు, నియమాలు మీరడం వంటి తీవ్రమైన ప్రవర్తనా సమస్యలుండటం. ఆ తర్వాతి స్థానాల్లో తల్లిదండ్రుల మధ్య హింసను చూస్తూ పెరగడం, బలప్రయోగంతో కూడిన శిక్షలు ఉన్నాయి.

"రక్తంలో ఉంది" అన్న మాటకూ ఇక్కడే జవాబుంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను పరిశోధకులు దశాబ్దాలుగా గమనిస్తున్నారు. అవ్షలోమ్ కాస్పి, టెర్రీ మాఫిట్ బృందం 2002లో అందులోని మగవాళ్ల జన్యువులను పరిశీలించింది. మెదడులో కొన్ని రసాయనాలను విచ్ఛిన్నం చేసే ఎంఏఓఏ అనే ఎంజైమ్ తక్కువగా పనిచేసే రకం జన్యువు ఉన్నవాళ్లు, బాల్యంలో హింసకు కూడా గురైతే, సంఘవ్యతిరేక ప్రవర్తనకు దిగే అవకాశం పెరిగింది. అదే జన్యువున్నా మంచి బాల్యం గడిచినవాళ్లలో ఆ తేడా రాలేదు. తర్వాతి పరిశోధనల్లో ఈ ఫలితం కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల బలహీనంగా వచ్చింది. కానీ జన్యువొక్కటే మనిషిని హింసకు నెడుతుందన్న వాదనకు ఇందులో ఆధారం దొరకలేదు.

నేర్చుకోవడం వేరు, చేయడం వేరు

పిల్లలు చూసి నేర్చుకుంటారని మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. దాన్ని ప్రయోగశాలలో నిరూపించినవాడు ఆల్బర్ట్ బాండురా. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శిశు పాఠశాలలోని 72 మంది పిల్లలతో ఆయన చేసిన ప్రయోగం ప్రసిద్ధం. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి గుద్దడం, సుత్తితో కొట్టడం చూసిన పిల్లలు, తమకు అవకాశం రాగానే అచ్చం అలాగే చేశారు.

మన విషయానికి ఇంకా ముఖ్యమైనది 1965లో ఆయన ప్రచురించిన రెండో ప్రయోగం. ఈసారి పిల్లలకు చూపిన సినిమాకు మూడు ముగింపులు పెట్టారు. ఒకదానిలో బొమ్మను కొట్టినవాడికి బహుమతి దొరికింది, ఒకదానిలో చివాట్లూ దెబ్బలూ పడ్డాయి, మూడోదానిలో ఏమీ జరగలేదు. శిక్ష పడటం చూసిన పిల్లలు బొమ్మను తక్కువగా కొట్టారు. తర్వాత, చూసినదాన్ని చేసి చూపిస్తే కానుకలిస్తామని చెప్పగానే ఆ తేడా మాయమైంది. మూడు బృందాల పిల్లలూ చూసిందంతా దాదాపు ఒకేలా చేసి చూపించారు. అంటే కొట్టడం అందరికీ వచ్చేసింది. కొట్టాలా వద్దా అన్నది మాత్రం, కొడితే ఏమవుతుందని చూశారో దాన్నిబట్టి మారింది.

తల్లిని తండ్రి కొట్టడం చూసే పిల్లవాడు రెండు విషయాలు నేర్చుకుంటాడు. ఎలా కొడతారన్నది మొదటిది. కొట్టాక ఏమవుతుందన్నది రెండోది. చాలా ఇళ్లలో ఏమీ కాదు. తెల్లవారితే కాఫీ చేతికందుతుంది. మేనత్త వచ్చి, "నీ నోరే ఎక్కువమ్మా" అని తల్లినే మందలిస్తుంది. పక్కింటివాళ్లు తలుపులేసుకుంటారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందన్న సామెత మన నోళ్లలో ఇంకా నలుగుతూనే ఉంది. ఆ సామెతలో మొగుడు కొట్టడం వార్తే కాదు. పిల్లవాడి మీద చెరగని ముద్ర వేసేది ఈ రెండో పాఠమే.

కోపం ఎటు పారుతుంది

కొట్టిన భర్త చాలాసార్లు చెప్పే కారణం, "కోపం ఆపుకోలేకపోయాను" అని. దాన్ని నమ్మే ముందు ఒక ప్రశ్న అడగాలి. అదే మనిషి ఆఫీసులో పైఅధికారి తిట్టినప్పుడు ఏం చేశాడు? ట్రాఫిక్ పోలీసు చలానా రాసినప్పుడు, అప్పిచ్చినవాడు వీధిలో నిలదీసినప్పుడు చెయ్యెత్తాడా? అప్పుడు ఆపుకున్నాడు. ఇంట్లో కూడా కాలింగ్ బెల్ మోగితే ఆగగలడు. నీరు పల్లమెరుగు అన్నట్టు, కోపం కూడా ఎదురు లేని చోటుకే పారుతుంది. ఆ పల్లాన్ని తవ్వింది ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఉత్తరప్రదేశ్‌లో 1995–96లో ఆరు వేలకు పైగా వివాహిత పురుషులతో చేసిన సర్వేను శాండ్రా మార్టిన్ బృందం విశ్లేషించి 2002లో ప్రచురించింది. తండ్రి తల్లిని కొట్టడం చూసి పెరిగిన మగవాళ్లు, భార్యను అదుపులో పెట్టే హక్కు భర్తకుందని ఎక్కువగా నమ్మారు. భార్యపై శారీరక, లైంగిక హింసకు దిగినవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. మొదటి తరంలో ఆ హింస లేకుండా ఉంటే, రెండో తరంలో సుమారు మూడో వంతు తగ్గేదని ఆ బృందం లెక్కగట్టింది. మిగిలిన రెండొంతుల హింసకు, తండ్రి తల్లిని కొట్టడం చూడటం ఒక్కటే సమాధానం చెప్పదు.

ఎనిమిది దేశాల్లో 7,806 మంది పురుషుల సమాధానాలను పోల్చిన మరో విశ్లేషణ 2015లో వచ్చింది. బ్రెజిల్, చిలీ, మెక్సికో, క్రొయేషియా, బోస్నియా, రువాండా, కాంగోలతో పాటు మన దేశమూ అందులో ఉంది. భారత్‌లో ఈ సర్వే చేసిన నగరాలు రెండే: ఢిల్లీ, మన విజయవాడ. మొత్తం మీద 31 శాతం పురుషులు భాగస్వామిపై ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి చేసుకున్నామని స్వయంగా ఒప్పుకున్నారు. దానితో అన్నింటికంటే గట్టిగా ముడిపడింది, చిన్నప్పుడు తండ్రి తల్లిని కొట్టడం చూసి ఉండటం. స్త్రీలపై హింసను సమర్థించే ధోరణి కూడా ఆ జాబితాలో ఉంది.

ఆసియా, పసిఫిక్ ప్రాంతంలోని ఆరు దేశాల్లో పదివేల మందికి పైగా పురుషులతో ఐక్యరాజ్యసమితి సంస్థలు చేయించిన అధ్యయనం 2013లో వచ్చింది. భాగస్వామిపై శారీరక లేదా లైంగిక హింసకు పాల్పడ్డామని చెప్పినవారు ఇండోనేసియా గ్రామీణ ప్రాంతంలో సుమారు నాలుగో వంతు ఉంటే, పపువా న్యూగినీలోని బూగెన్‌విల్‌లో 80 శాతం. మగవాళ్ల స్వభావమే హింసకు మూలమైతే చోటునుబట్టి ఇంత తేడా ఉండదు. చోటునుబట్టి మారేవి నమ్మకాలు, శిక్షలు, చట్టాలు, యుద్ధాల గాయాలు, ఇరుగుపొరుగు ఊరుకునే తీరు.

మన తెలుగు రాష్ట్రాల సంగతి చూద్దాం. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏడు సందర్భాలు చెప్పి, వాటిలో భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగింది. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినో పిల్లలనో పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటివి ఆ సందర్భాలు. కనీసం ఒక్క సందర్భంలోనైనా సబబేనన్న మహిళలు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం. పురుషులు తెలంగాణలో సుమారు 70 శాతం, ఆంధ్రలో 66 శాతం. హిమాచల్ ప్రదేశ్‌లో ఇటు స్త్రీలూ అటు పురుషులూ 15 శాతంలోపే. దేశం మొత్తం మీద సగానికి తక్కువ.

మహిళలే ఎక్కువగా సబబన్నారని వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ తాము చూస్తూ వచ్చిన కట్టుబాటునే వాళ్లు చెప్పారు. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. 84 శాతం మంది సబబన్నంత మాత్రాన 84 శాతం ఇళ్లలో హింస జరుగుతోందని కాదు. అదే సర్వేలో భర్త హింసకు గురయ్యామని చెప్పిన వివాహితలు ఆంధ్రలో 30 శాతం, తెలంగాణలో సుమారు 37 శాతం. సబబని చెప్పే పురుషుల్లో అందరూ కొట్టరు. కానీ కొట్టేవాడికి వాళ్లందరి మౌనమూ అనుమతిలా అందుతుంది. గాయపడిన బాల్యం కోపాన్ని పోగుచేస్తే, ఆ కోపం దిగడానికి చోటు చూపించేది ఈ అనుమతి.

మద్యం గురించి కూడా ఒక మాట. తరచూ తాగే భర్తల ఇళ్లలో హింస చాలా ఎక్కువని ఇదే సర్వే చూపిస్తుంది. తాగుడు నిగ్రహాన్ని సడలిస్తుంది, గాయాలను తీవ్రం చేస్తుంది. అయితే తాగినవాళ్లందరూ భార్యను కొట్టరు, కొట్టేవాళ్లందరూ తాగరు. తాగుడు మానేసిన భర్త కొట్టడం కూడా మానేస్తాడని ముందే అనుకోవడానికి వీల్లేదు. ఆ రెండింటినీ విడివిడిగా అడగాలి.

తెంచుకున్నవాళ్లు

దెబ్బల ఇంట పెరిగినా చెయ్యెత్తనివాళ్లలో ఏముంది? ఈ ప్రశ్నకు మంచి జవాబుల్లో ఒకటి అమెరికాలోని మిన్నెసోటాలో దొరికింది. బైరన్ ఎగెలాండ్, ఆయన సహచరులు 1970ల నుంచి పేద కుటుంబాల తల్లులను, వాళ్ల పిల్లలను గమనిస్తూ వచ్చారు. చిన్నప్పుడు తాము దెబ్బలు తిని కూడా తమ పిల్లలను హింసించని తల్లుల్లో మూడు విషయాలు ఎక్కువగా కనిపించాయని 1988లో వివరించారు. బాల్యంలో వాళ్లను ఆదరించిన పెద్దవాళ్లు కనీసం ఒక్కరైనా ఉన్నారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక చికిత్స అందింది. నిలకడగా తోడుండే భాగస్వామి దొరికారు. అది తల్లుల మీద చేసిన పరిశీలన కనుక భర్తలకు యథాతథంగా అతికించకూడదు. కానీ కష్టాల మధ్య పెరిగి నిలదొక్కుకున్న పిల్లల వెనక ఆదరించే పెద్దవాళ్లు ఒక్కరైనా ఉంటారని ఇతర దీర్ఘకాలిక పరిశీలనలూ చెబుతున్నాయి. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ దశాబ్దాలపాటు గమనించి చెప్పింది కూడా ఇదే.

ఆ పెద్దవాళ్లు అమ్మమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, బళ్లో టీచరు కావచ్చు. వాళ్లు చేసేది ఓదార్పు ఒక్కటే అనుకుంటే తక్కువ చేసినట్టే. "మీ నాన్న చేస్తున్నది తప్పు, నీ తప్పేమీ లేదు" అని చెప్పే గొంతు వాళ్లది. ఆ మాట వినని పిల్లవాడికి, జరుగుతున్నదే లోకరీతి అనిపిస్తుంది. విన్న పిల్లవాడికి తాను చూసేది లోకరీతి కాదనీ, ఒక మనిషి చేస్తున్న తప్పనీ తెలుస్తుంది. హింసను చూడటానికీ దాన్ని సబబనుకోవడానికీ మధ్య ఉన్న ముడి అక్కడ వదులవుతుంది.

పెళ్లి వైద్యం కాదు

నిలకడైన తోడు మేలు చేస్తుందన్న మాటను మన సమాజం వెంటనే తప్పుగా అందుకునే ప్రమాదముంది. "పెళ్లి చేస్తే వాడే దారికొస్తాడు" అని ఎన్ని ఇళ్లలో అనలేదు! చిన్నప్పటి నుంచీ గాయపడి, కోపంతో రగులుతున్న కొడుకుని బాగుచేసే బాధ్యతను ముక్కూమొహం తెలియని ఒక అమ్మాయి నెత్తిన పెట్టేస్తాం. ఆమె దెబ్బలు తింటుంటే, నీ ఓర్పుతో మార్చుకోవాలమ్మా అంటాం. ఇది ఆమెకు చేసే అన్యాయం. అతనికీ మేలు చేయదు, ఎందుకంటే కొట్టినా ఏమీ కాదన్న పాత పాఠాన్నే మళ్లీ చెప్పినట్టవుతుంది.

అతని బాల్యం మీద జాలిపడటం, అతని చేతికి సాకు ఇవ్వడం ఒకటి కాదు. గాయానికి అతను బాధ్యుడు కాదు. అతను వేసే దెబ్బకు పూర్తిగా అతనే బాధ్యుడు. ఈ రెండూ ఒకేసారి నిజం. అతనికి కౌన్సెలింగ్ కావాలి, అది అతనూ వ్యవస్థా కలిసి చేయాల్సిన పని. ఆ పని పూర్తయ్యేదాకా ఆమె ఆ ఇంట్లోనే ఉండి భరించాలన్న షరతు ఎక్కడా లేదు. ముందు ఆమె క్షేమం, ఆమె పిల్లల క్షేమం. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఆమెకు రక్షణ ఉత్తర్వులు, ఆ ఇంట్లో నివసించే హక్కు కల్పించింది. 181 నంబరుకు ఫోన్ చేస్తే సాయం దొరుకుతుంది. పిల్లల కోసం 1098 ఉంది.

ఎక్కడ పట్టుకోవాలి

నమ్మకాలు మారతాయా? హర్యానాలో పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. 314 ప్రభుత్వ పాఠశాలలను తీసుకుని, చీటీ తీసినట్టు ఎంపిక చేసిన దాదాపు సగం బళ్లలో బ్రేక్‌త్రూ అనే సంస్థ ద్వారా ఏడు నుంచి పదో తరగతి మధ్య పిల్లలకు రెండున్నరేళ్లపాటు తరగతులు నడిపించారు. మూడు వారాలకోసారి ముప్పావుగంట చొప్పున ఆడామగా సమానత్వం మీద చర్చలు పెట్టారు. దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ 2022లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వివక్షతో కూడిన అభిప్రాయాల్లో 16 శాతం సమానత్వం వైపు మళ్లాయి. తరగతులు ముగిసిన రెండేళ్లకూ ఆ మార్పు నిలిచింది. అబ్బాయిలు ఇంటిపనిలో చెయ్యి వేయడం పెరిగింది. పదహారు శాతం చిన్నదిగా అనిపించవచ్చు. నెలకు గంటసేపు మాట్లాడినందుకే తరతరాల నమ్మకంలో ఆరో వంతు కదలడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

రెండో దారి ఇంకా ముందు నుంచి మొదలవుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో డేవిడ్ ఓల్డ్స్ గర్భిణుల ఇళ్లకు నర్సులను పంపించారు. బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా వాళ్లు వచ్చి సలహాలు చెప్పారు, తల్లికి తోడుగా నిలిచారు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ఆ కుటుంబాల్లో పిల్లలపై హింస, నిర్లక్ష్యం కేసులు 48 శాతం తగ్గాయి. అయితే 2000లో జాన్ ఎకెన్‌రోడ్ బృందం అదే సమాచారాన్ని తరచి చూసినప్పుడు మరో సంగతి బయటపడింది. తల్లి మీద హింస ఎక్కువగా జరుగుతున్న ఇళ్లలో ఈ సాయం పనిచేయలేదు. తల్లిని కాపాడకుండా బిడ్డను కాపాడలేమన్నమాట. మన దగ్గర ఆశా కార్యకర్తలూ అంగన్వాడీ టీచర్లూ ఇప్పటికే ప్రతి గడపా తొక్కుతున్నారు. బిడ్డ బరువు చూసేటప్పుడే తల్లి ఒంటి మీద గాయాలను గుర్తించి ఏం చేయాలో వాళ్లకు శిక్షణనిస్తే, రెండు తరాలను ఒకేసారి చేరుకోవచ్చు.

మూడోది బడి. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను కలిసింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురయ్యారు, వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. బడికి వెళ్లే పిల్లల్లో 65 శాతం అక్కడ దెబ్బలు తిన్నామన్నారు. సగం మందికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులనూ ఎదుర్కొన్నారు. అక్కడా అబ్బాయిలు తక్కువేమీ లేరు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని నిషేధించింది. అయినా "దండం దశగుణం భవేత్" అనే తల్లిదండ్రులు టీచరుతో, "చర్మం వలిచేయండి సార్, కళ్లు మాత్రం వదిలేయండి" అని చెప్పిపోతూనే ఉన్నారు. బలవంతుడు బలహీనుణ్ణి కొట్టి దారిలో పెట్టవచ్చన్న సూత్రం పిల్లవాడికి మొదట వంటపడేది అక్కడే. పెళ్లయ్యాక అతను చేసేది, ఆ సూత్రంలో బలహీనుడి స్థానంలో భార్యను నిలబెట్టడం మాత్రమే.

దెబ్బ తగిలి ఏడ్చిన అబ్బాయిని, "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అని గద్దించే అలవాటు కూడా మానుకోవాలి. ఏడుపు మూసేస్తే బాధ ఎక్కడికీ పోదు. మగవాడికి అనుమతించిన ఒకే ఒక్క భావం కోపమే అయినప్పుడు, భయమూ అవమానమూ దిగులూ అన్నీ కోపం రూపంలోనే బయటికి వస్తాయి. తనకు జరిగింది చెప్పుకోగలిగిన పిల్లవాడు, అది తప్పని పెద్దల నోట విన్న పిల్లవాడు, ఎవరినీ కొట్టకుండానే గొడవ ముగించవచ్చని కళ్లారా చూసిన పిల్లవాడు తండ్రి దారిలో నడవాల్సిన అవసరం లేదు. విడమ్ లెక్కలో హింసాత్మక నేరానికి అరెస్టు కాని ఆ నూటికి ఎనభై తొమ్మిది మందిని తొంభై తొమ్మిది మందిగా చేయడం మన చేతుల్లో ఉన్న పని. ఆ పని మొదలుపెట్టడానికి అతని పెళ్లిదాకా ఆగనక్కర్లేదు. అతను ఈరోజు మన ఇంట్లోనో పక్కింట్లోనో తరగతి గదిలోనో ఉన్నాడు. దెబ్బ పడుతుంటే తలుపేసుకోకుండా, అది తప్పని అతనికి వినపడేలా చెప్పడంతోనే ఆ పని మొదలవుతుంది.